నొప్పి కాపలా

పదీ ఇరవైకి రామతులసి ఎడమ మడమలో ఏదో కసుక్కున దిగింది. కాకినాడలో తన ఇంట్లో, నున్నటి గచ్చు మీద చాప పరుచుకుని కూర్చుని ఉందామె. గుచ్చుకోవడానికి చుట్టుపక్కల చీపురుపుల్ల కూడా లేదు. పళ్ళు బిగపట్టి ఫోన్ అందుకుని, తనకిచ్చిన నంబరు నొక్కింది.

"ఎడమ మడమండి. లోతుగా దిగింది."

"ఆయ్, చూత్తానండి" అంది అవతలి ఆడగొంతు. పరుగు వినిపించింది, తర్వాత ఒక పిల్ల నవ్వు, చెంబుతో నీళ్ళు పోస్తున్న చప్పుడు. "గాజు పెంకండి. దాని మీదే గెంతులేత్తంది. తీసేశానండి."

ఫోన్ పెట్టేశారు. కాసేపటికి మడమలో పోటు సలపరంగా మారింది. పాదం తిప్పి చూసుకుంటే గీత కూడా లేదు. ఇలా మూడు నెలలుగా జరుగుతోంది. అయినా ప్రతిసారీ చూసుకోకుండా ఉండలేకపోతోంది.

ఆ గాజు పెంకు దిగింది ఏ ఊళ్ళోనో ఉన్న ఏడేళ్ళ పిల్ల కాల్లో. ఆ పిల్లకి పుట్టుకతోనే నొప్పి తెలియదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం వచ్చి కలిస్తేనే పుట్టే జబ్బు, లక్షల్లో ఒకరికి. వినడానికి వరంలాగే ఉంటుంది. పళ్ళొచ్చిన ఏడాది ఆ పిల్ల తన నాలుక కొసని తనే కొరికి నమిలేసింది. నాలుగో ఏట విరిగిన ముంజేత్తో రెండు రోజులు ఆడుకుంది, చెయ్యి వంకర తిరిగాక గానీ ఇంట్లోవాళ్ళకి తెలియలేదు.

డాక్టర్ నసీమా విశాఖలో ఇలాంటి పిల్లల కోసమే పదేళ్ళు కూర్చుని ఒక ఉపాయం కనిపెట్టింది. పిల్ల చర్మం కిందా, పొట్ట గోడ లోపలా వెంట్రుకకన్నా సన్నని తీగలు పరుస్తారు. ఎక్కడ కండ చితికినా, కాలినా, వాచినా అవి పసిగడతాయి. ఆ కబురు వెన్నుకి పట్టీ కట్టుకుని కూర్చున్న ఇంకో మనిషికి చేరుతుంది. ఆ మనిషికి సరిగ్గా అక్కడే, సరిగ్గా అంతే నొప్పి పుడుతుంది.

"యంత్రానికే గంట కట్టొచ్చు కదండి, మనిషెందుకు?" అని రామతులసి మొదటిరోజే అడిగింది.

"కట్టి చూశామమ్మా. రోజుకి నాలుగొందలసార్లు మోగింది. గోక్కున్నా మోగేది, మోచెయ్యి ఆనించినా మోగేది. వారం తిరక్కుండా తల్లులు దాన్ని బీరువాలో పడేశారు. ఏది దెబ్బో ఏది కాదో తేల్చి చెప్పాలంటే నొప్పి తెలిసిన ఒళ్ళు కావాలి" అంది నసీమా.

ఇందులో జీతం లేదు, దారిఖర్చులూ లేవు. ఎవరి నొప్పో తెచ్చి ఒంటికి తగిలించుకోవడానికి ఎవరొస్తారని అందరూ నవ్వారు. అయినా వచ్చారు. వచ్చినవాళ్ళలో సగంమంది పరీక్షరోజునే, చేతికి వేడి నీళ్ళు తగిలినట్టు పట్టీ చూపించగానే, వచ్చిన దారినే వెళ్ళిపోయారు. రామతులసి వెళ్ళలేదు. ఆమె భర్త షుగరు మనిషి. గుండెపోటు వచ్చినప్పుడు షుగరు వల్ల నొప్పే తెలియలేదు. "కాస్త ఆయాసంగా ఉంది" అని పడక్కుర్చీలో వాలి, మరి లేవలేదు. ఒక్క పోటు పొడిచి ఉంటే ఆయన బతికేవాడని ఆమె ఆరేళ్ళుగా అనుకుంటూనే ఉంది. అలాంటి మనిషికి నొప్పంటే భయం కన్నా గౌరవం ఎక్కువ.

పట్టీ ఇచ్చిననాడు నసీమా ఆమెని ఎదురుగా కూర్చోబెట్టుకుని రెండే మాటలు చెప్పింది. నొప్పి వస్తే ఆలోచించొద్దు, ఫోన్ చెయ్యి. వాళ్ళ పేరు అడగొద్దు, నీ పేరు చెప్పొద్దు. "మనవాళ్ళకి పరిచయమైతే చాలు, మొహమాటం మొదలవుతుందమ్మా. పరాయి గొంతు చెబితే తల్లి పరిగెత్తి వెళ్ళి చూస్తుంది. తెలిసిన గొంతైతే ముందు కాఫీ తాగారా అని అడుగుతుంది" అంది.

పగలు పది నుంచి నాలుగు దాకా రామతులసి వంతు. మిగతా వేళలకి ఇంకెవరో ముగ్గురు. ఆ ఆరు గంటలూ ఆమె చీరలకి ఫాల్స్ కుట్టే పని కూడా మానుకుంది, సూది తన వేలికి దిగిందో పిల్ల వేలికి దిగిందో తెలియక తికమక పడుతుందని.

నియమం మూడు నెలల పన్నెండు రోజులు నిలిచింది. సామర్లకోటలో రైలెక్కి తుని దాటేలోపు ఎదుటి సీటులోవాళ్ళు తమకేమవుతారో తేల్చేసుకునే జాతి మనది. అన్నాళ్ళు ఆగడమే గొప్ప.

ఆరోజు పిల్ల మోకాలు చెక్కుకుపోయింది. మందు రాశాక తల్లి ఫోన్ పెట్టెయ్యలేదు.

"ఒక్క మాటండి. మా పిల్ల నెప్పి మీరు పడతన్నారు. మీ ఇంటిపేరైనా తెలీకపోతే ఎలాగండి?"

రామతులసి నాలిక కరుచుకుంది. తన నాలికే. "చెప్పకూడదమ్మా."

"దేవుడికి దీపం ఎట్టినప్పుడు ఎవరని చెప్పుకోనండి?"

"కడలి వాళ్ళం" అనేసింది.

"కడలోరా? మా అమ్మమ్మ పుట్టిల్లు కడలోరేనండి. అంటే మీ ఆయన మా అమ్మకి బావ వరసవుతారు. మీరు మా అమ్మకి చెల్లెలు, నాకు పిన్ని" అంది అవతలామె, లెక్క తెగిన ఆనందంతో.

కడలి ఇంటిపేరువాళ్ళు కోనసీమ నిండా ఉన్నారు. ఆ లెక్కన సగం కోనసీమ ఆమెకి చుట్టమే అవుతుంది. అయినా ఆరేళ్ళుగా ఎవరూ ఏ వరసా పెట్టి పిలవని ఇంట్లో పిన్ని అన్న మాట వినబడేసరికి రామతులసి ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది. అవతలామె పేరు మల్లేశ్వరి అనీ, అంబాజీపేట దగ్గర ఊరనీ, భర్త వీరబాబు కొబ్బరికాయల వ్యాపారమనీ, అతను మేనబావేననీ, పిల్ల పేరు హిమజ అనీ అయిదు నిమిషాల్లో తెలిసిపోయాయి. నసీమాకి మాత్రం తెలియనివ్వలేదు.

మర్నాటి నుంచి నాలుగు కొట్టగానే హిమజ ఫోన్ చేసేది.

"అమ్మమ్మా, ఇయ్యాల నీకు ఎక్కడెక్కడ నెప్పెట్టింది?"

"కుడి చూపుడువేలమ్మా. ఏంచేశావు?"

"తలుపు సందులో ఎట్టాను. నెప్పంటే ఎలాగుంటాది అమ్మమ్మా?"

ఎలా ఉంటుందో రామతులసి చాలా రకాలుగా చెప్పి చూసింది. కారం తిన్నట్టు అంది. పిల్లకి కారం ఇష్టమట. ఎవరో గట్టిగా అరిచినట్టు అంది. బళ్ళో రోజూ అరుస్తారట. చివరికి విసుగొచ్చి, "అమ్మ నిన్ను వదిలేసి ఊరెళ్ళిపోతే ఎలా ఉంటుందో, వేలికి అలా ఉంటుంది" అంది. "నీకు అలాగుందా?" అని చిన్నగా అడిగింది హిమజ. "మరింక ఎట్టను."

నిజంగానే పెట్టలేదు. ఎవరెంత తిట్టినా, భయపెట్టినా ఒళ్ళు చూసుకోని పిల్ల, అమ్మమ్మకి నొప్పెడుతుందని చెప్పులేసుకోవడం నేర్చుకుంది. మెట్లు పట్టుకుని దిగడం నేర్చుకుంది. విశాఖలో నసీమా తెర మీద దెబ్బలు చూపించే గీతలు తగ్గుతుంటే చూసి ఆశ్చర్యపోయింది. ఎందుకని అడిగితే రామతులసి, "పెద్దదవుతోంది కదండి" అని అబద్ధమాడింది.

అయితే వరస కలిశాక ఇంకోటి కూడా వచ్చింది. ఫోన్ చేస్తే మల్లేశ్వరి పిల్లని కేకలేసేది. పిల్ల ఫోన్లోకొచ్చి ఏడుపుగొంతుతో "సారీ అమ్మమ్మా" అనేది. ఈపాటి దానికి పిల్లని తిట్టించడమెందుకని రామతులసి చిన్న చిన్న గీతలకి ఫోన్ చెయ్యడం మానేసింది. ఆ తర్వాత మధ్యరకం వాటికి కూడా, కాసేపు ఓర్చుకుని చూసి అప్పుడు చేసేది. ఓర్చుకోవడం పాపిష్టి అలవాటు. అది మంచితనంలా కనిపిస్తుంది.

మాఘమాసంలో వీరబాబు కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశం పెట్టుకున్నాడు. ముందురోజు మల్లేశ్వరి ఫోన్ చేసింది.

"రేపు చుట్టాలంతా వత్తారు పిన్నీ. మేనరికం చేసుకోబట్టే పిల్ల ఇలా పుట్టిందని ఎక్కడికెళ్ళినా అదే గోల. రేపొక్కరోజైనా ఆ మాట వినకుండా గడిచిపోతే చాలు." అంతకుమించి ఏమీ అనలేదు. చిన్న చిన్నవాటికి ఫోన్ చెయ్యొద్దని నోటితో చెప్పలేదు. చుట్టాల మధ్య ఇలాంటివి నోటితో చెప్పరు.

మర్నాడు పదిన్నరకి రామతులసికి బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టయింది. అంతకుముందురోజు ఆమె పక్కింటివాళ్ళిచ్చిన పనసపొట్టు కూర తిన్నది. నాదా, పిల్లదా అనుకుంది. నియమం గుర్తొచ్చి ఫోన్ చేసింది. మేళం చప్పుడులోంచి మల్లేశ్వరి వచ్చి, పిల్ల పొట్ట నొక్కి చూసి, "మెత్తగానే ఉంది పిన్నీ. బూరెలు తింటంది" అంది. రామతులసి వాము నీళ్ళు తాగింది.

పన్నెండింటికి నొప్పి బొడ్డు దగ్గర్నుంచి జరిగి కుడిపక్క కిందికి దిగింది. మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి చాలాసేపటికి గానీ తియ్యలేదు. మంత్రాలు వినబడుతున్నాయి.

"పిన్నీ, వ్రతం పీటల మీదున్నాను." గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది. "అందరూ ఇటే చూత్తన్నారు. పిల్ల నా పక్కనే ఉంది, నవ్వుతానే ఉంది. బాగా ఎక్కువగా ఉందా?"

అదే ప్రశ్న పరాయిమనిషి అడిగి ఉంటే, ఎక్కువగానే ఉంది, ఇప్పుడే డాక్టరుకి చూపించండి అని చెప్పేది. "అబ్బే, మరీ అంత కాదులేమ్మా. నువ్వు వ్రతం కానియ్యి" అంది రామతులసి.

ఆ తర్వాత రెండు గంటలసేపు ఆమె చాప మీద ముడుచుకుని పడుకుని ఉంది. చెమటకి జాకెట్టు తడిసిపోయింది. ఫోన్ చేతిలోనే ఉంది. కథ చదవడం అయి ఉంటుంది, హారతి ఇస్తూ ఉంటారు, ఇంకాసేపాగితే ప్రసాదాలు పెడతారు, అప్పుడు చేద్దాం అనుకుంటూ ఎక్కడో జరుగుతున్న వ్రతాన్ని మనసులోనే జరిపించింది. రెండూ నలభైకి ఒక్కసారిగా నొప్పి ఆగిపోయింది, చేత్తో తీసేసినట్టు. తన ఒంట్లో గాలి పోయిందనుకుంది. దేవుడికి దండం పెట్టుకుని మజ్జిగ తాగి కళ్ళు మూసుకుంది. ఆ కునుకు తలుచుకుని తర్వాత ఆమె ఎన్నోసార్లు తలబాదుకుంది.

నాలుగింటికి ఆమె పట్టీ విప్పింది. రాజమండ్రిలో ఇంకెవరో పెద్దమనిషి పట్టీ కట్టుకున్నాడు. ఆయన మల్లేశ్వరికి ఏ వరసా కాడు. నాలుగూ ఇరవైకి ఫోన్ చేసి, "పొట్టంతా రాయిలా బిగుసుకుపోయింది. పిల్లని ఉన్నపళాన ఆస్పత్రికి తీసుకెళ్ళండి" అని పెట్టేశాడు. మల్లేశ్వరి విస్తరి ముందు నుంచి లేచి, చుట్టాలని దాటుకుంటూ, చెయ్యైనా కడుక్కోకుండా పిల్లని ఎత్తుకుని కారెక్కింది.

కాకినాడలో ఆస్పత్రివాళ్ళు పొట్ట కోసి చూస్తే పేగుకున్న అపెండిక్స్ పగిలి చీము పొట్టంతా పాకి ఉంది. పగిలి మూడు గంటలపైనే అయిందన్నారు. అది పగిలినప్పుడు ముందు నొప్పి తగ్గుతుందనీ, అదే ప్రమాదమనీ చెప్పారు.

నసీమా ఆరాత్రే విశాఖ నుంచి వచ్చింది. వరండాలో బల్ల మీద ఒక చివర మల్లేశ్వరీ, ఇంకో చివర కబురందుకుని వచ్చిన రామతులసీ కూర్చుని ఉన్నారు. ఇద్దరూ ఒకరినొకరు కళ్ళతో చూడడం అదే మొదటిసారి. నియమం తప్పారని నసీమాకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగింది.

"పీటల మీదుందండి" అంది రామతులసి.

మల్లేశ్వరి తలెత్తలేదు. "నేనే అడిగాను, ఎక్కువగా ఉందా అని. అడక్కుండా లేవాల్సిందండి" అంది.

పిల్ల బతికింది. కానీ బతికి ఉంచడం కష్టమైంది. పొట్ట మీద జానెడు కోత, రెండు పక్కలా గొట్టాలు. నొప్పి తెలిసిన పిల్లయితే కదలకుండా మూలుగుతూ పడుకుంటుంది. హిమజ స్పృహ రాగానే లేచి కూర్చోబోయింది. గొట్టం పట్టుకుని లాగింది. కుట్లు ఒకసారి తెగితే మళ్ళీ వేశారు. చేతులు మంచానికి కడితే, అదేదో ఆటనుకుని నడుం ఎగరేస్తూ నవ్వింది. ఇంకోసారి తెగితే మా చేతుల్లో ఉండదని సర్జన్ చెప్పేశాడు. కోత మానేదాకా మత్తులో ఉంచితే ఆ గుండె తట్టుకోదన్నాడు.

లోపల ఇంకెక్కడైనా చీము పడుతోందేమో తెలియాలంటే పట్టీ ఎవరో ఒకరు కట్టుకోవాలి. రామతులసి కట్టుకుంటానంది. నసీమా కాదనలేదు, ఆ కోత నొప్పి మోయడానికి వేరే ఎవరూ ఒప్పుకోలేదు మరి. నొప్పి తగ్గే మందు ఏదీ వేసుకోకూడదంది. వేసుకుంటే కబురు మసకబారుతుంది.

పట్టీ బిగించగానే రామతులసికి నేల కనబడలేదు. గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. హిమజ ఆమెని ఎగాదిగా చూసింది.

"నువ్వేనా అమ్మమ్మవి? నీకు నెప్పెడతందా?"

"లేదమ్మా" అంది రామతులసి. ఆలోచించి అన్నమాట కాదు. ఎవరడిగినా నోట్లోంచి అదే వస్తుంది.

"అయితే లేత్తాను" అని హిమజ కట్లలోంచి చెయ్యి లాక్కుని దిగ్గున లేవబోయింది. రామతులసి స్టూలు మీంచి కిందపడింది. అరుపు ఆపుకోవాలని చీర చెంగు నోట్లో కుక్కుకుంది. నర్సు పరుగెత్తుకొచ్చి పిల్లని అదిమిపట్టుకుంది. ఒక కుట్టు తెగింది, ఒక్కటే.

నేల మీద పడి ఉండగానే రామతులసికి అర్థమైంది. ఈ పిల్లని మంచానికి కట్టగలిగే తాడు ఒక్కటే ఉంది. చెంగు నోట్లోంచి తీసేసింది. నోరారా ఏడ్చింది. మొగుడు పోయిన రోజున కూడా అలా ఏడవలేదు.

"పెడతందమ్మా. నువ్వు కదిలితే నాకు ప్రాణం పోతంది. కదలకు తల్లీ, నీకు దండం పెడతాను."

హిమజ నవ్వు ఆగిపోయింది. కింద పడి ఉన్న మనిషిని చూసింది, తన పొట్ట చూసుకుంది, మళ్ళీ ఆ మనిషిని చూసింది. తర్వాత మెల్లిగా, ఒక్కో చెయ్యీ జాగ్రత్తగా పక్కన పెట్టుకుంటూ వెనక్కి వాలింది. నర్సు కట్లు కట్టబోతే రామతులసి వద్దంది. తొమ్మిది రోజులు ఆ పిల్ల పక్క మీద వేలు కూడా కదపలేదు. దగ్గు వస్తే ముందు అమ్మమ్మ వైపు చూసి, "దగ్గనా?" అని అడిగేది.

ఇంటికెళ్ళాక హిమజ కొత్త ఇంటి వసారాలో ఒక కుర్చీ వేయించుకుంది. బడికి వెళ్ళనంది, అక్కడ తోసుకుంటారట. గదిలోంచి గదికి నడిచేటప్పుడు గోడకి దూరంగా, మంచినీళ్ళ బిందె మోస్తున్నదానిలా నడిచేది. అన్నం చల్లారిందో లేదో తల్లి మూడుసార్లు చూస్తేగానీ ముద్ద నోట్లో పెట్టేది కాదు.

రామతులసి నసీమా దగ్గరికి వెళ్ళి, "నా పట్టీ తీసేశారని చెప్పండి దానికి. అబద్ధమైనా పరవాలేదు" అంది.

"చెప్పానమ్మా. మరి ఇప్పుడు ఎవరికి నెప్పెడతాది అని అడిగింది. ఎవరో ఒకరికని తెలిసిపోయింది దానికి." నసీమా అద్దాలు తీసి తుడుచుకుంది. ఆమె వెనక గోడ మీది తెరలో హిమజ తాలూకు గీత నేలబారుగా సాగుతోంది. దెబ్బ లేదు, కాలిన మచ్చ లేదు, చిన్న గోటి గీత లేదు. పై డాక్టర్లు ఆ గీత చూసి చప్పట్లు కొట్టారట. మిగతా పిల్లలకి కూడా పట్టీ కట్టుకునే మనిషి గురించి చెప్పేద్దామంటున్నారట. "తల్లి మొహమాటపడుతుందని భయపడి ఆ నియమం పెట్టాను. పిల్ల సంగతి నాకు తట్టలేదు" అంది.

పట్టీ ఇచ్చేయడానికి రామతులసికి మనసొప్పలేదు. పిల్లకి మళ్ళీ లోపల ఏదైనా జరిగితే, ఈసారి మొదటి పోటుకే చెప్పాలి. అందుకే రోజూ పదింటికి కట్టుకుని చాప మీద కూర్చుంటోంది. చైత్రం వెళ్ళిపోయింది. వైశాఖం ఎండలు ముదిరాయి. వీధిలో పిల్లలు సెలవులకి గోల చేస్తూ పరిగెడుతుంటే వినబడుతుంది. ఒక్క ముల్లు గుచ్చుకుంటే బాగుండును, మోకాలైనా చెక్కుకుపోతే బాగుండును, మామిడికాయ కోసం చెట్టెక్కి కిందపడితేనన్నా బాగుండునని ఆమె ఒళ్ళంతా చెవులు చేసుకుని ఎదురుచూస్తుంది. ఆరు గంటలూ ఎక్కడా ఏమీ ఉండదు.

నాలుగు కొట్టగానే ఫోన్ మోగుతుంది.

"అమ్మమ్మా, ఇయ్యాల నీకేం నెప్పి రాలేదు కదా?"

"రాలేదు తల్లీ."

"నేను కుర్చీలోంచి దిగలేదు" అంటుంది హిమజ, సంతోషంగా.